వల లోపల మంచు

చెప్పేశాను. ఇక నా చేతిలో ఉన్నది పువ్వులు రుద్దడం ఒక్కటే. తెల్లవారగానే షెడ్డు దగ్గరికి వెళ్తే సూపర్‌వైజర్ మహిపాల్ సారు పళ్లు తోముకుంటున్నాడు. ఆయన నురగ ఉమ్మేదాకా పక్కన నిలబడి, చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకొని, "మా శిల్పనే సారూ" అన్నాను. కోడలి పేరు గొంతులో అడ్డం పడుతుందనుకున్నాను, పడలేదు. ఆయన బ్రష్షు కడిగి జేబులో పెట్టుకొని, "తొమ్మిదికి సైరన్ కొడ్త. అందాక ఎప్పటిలెక్కనే పని చేస్కో సత్తెమ్మా, మొకంల ఏం తెల్వనియ్యకు" అన్నాడు. ముఖంలో తెలియనివ్వకపోవడం నాకు కొత్తా, అరవై ఏళ్లుగా అదే పని. ఇప్పుడు ఎనిమిది దాటి ఉంటుంది. టిఫిన్ డబ్బాలో మగ పువ్వులున్నాయి. ఆడ మొక్క దగ్గర వంగి, కాడను తడిమి, ఎర్ర గొట్టం తీసి, మగ పువ్వుతో మెల్లగా రుద్ది, దారం ముడి వేసి పక్కదానికి జరుగుతున్నాను. ఒక్క మగ పువ్వు ఐదారు ఆడ పువ్వులకు సరిపోతుంది, ఈ ముక్కకు వరసంతా నవ్వుకునే రోజులుండేవి, ఇప్పుడు ఎవరు దేనికి నవ్వారో అని పక్కవాళ్లు చూస్తారు కాబట్టి ఎవరూ నవ్వరు. మూడు సాళ్ల అవతల శిల్ప వీపు కనబడుతోంది, మంచులో మసగ్గా, ఆకుపచ్చ జాకెట్టో ఆకులో తెలియకుండా. ఈ ఏడు మంచు మరీ తొందరపడింది. బతుకమ్మ పండుగ కూడా రాకముందే దిగింది. మొన్న నా మనవరాలు తేజస్వినితో అదే అంటే, "యాడుంది నాయనమ్మా మంచు" అని పకపకా నవ్వింది. ఆరేళ్ల పిల్లకు ఏం తెలుస్తుంది, పొద్దెక్కాక లేచే పిల్ల.

దారం ముడి. తరువాతది. ఈ పని నా వేళ్లకు తెలిసినంత బాగా ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. పని చూస్తే ఇంతే, సాయంత్రం మొగ్గ మీద బొటనవేలి గోరు గుండ్రంగా తిప్పి, రేకులతో పాటు లోపలి పుప్పొడిని టోపీలా వలిచేసి, నడిమి కాడ ఒక్కటే మిగిల్చి గొట్టం తొడుగుతాం. పొద్దున మగ పువ్వు రుద్దుతాం. అట్లా కాసిన కాయలోదే విత్తనం. వలవకుండా వదిలిన మొగ్గ ఒక్కటున్నా, సగం వలిచింది ఉన్నా, అది తన పుప్పొడి తానే పూసుకొని కాయ కాస్తుంది, పైకి అన్ని కాయల్లాగే ఉంటుంది, లోపల దొంగ గింజ. ఈ పని వల లేనప్పటి నుంచీ మాదే, గట్టు మండలం చుట్టుపక్కల మా చేతులు తగలని సీడు పత్తి చేను లేదు. వరుసగా మూడేళ్లు గులాబీ పురుగు వచ్చి, చెట్టు పచ్చగా నవ్వుతూనే కాయ లోపల కుళ్లిపోయి, ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకొని వెళ్లాయి. అప్పుడు కంపెనీ వచ్చి మా ఊరి చుట్టూ తాటిచెట్టెత్తు పచ్చ వల కట్టింది. పురుగు లేని, కల్తీ లేని విత్తనం ఇక ఇక్కడే పుట్టాలన్నారు. లోపల ఉన్నవాళ్లకు నీళ్లు, బియ్యం, పిల్లలకు బడి. గేటు ఒక్కటే. బయటికి వెళ్లినవాళ్లు మళ్లీ లోపలికి రారు, ఒంటి మీద ఎక్కడి పుప్పొడి మోసుకొస్తారో ఎవరు చూశారు. నా కొడుకు సాంసన్ ఆ నెలలో బెంగుళూరులో బిల్డింగు పనిలో ఉన్నాడు. వాడు తిరిగొచ్చేసరికి వల కట్టడం అయిపోయింది. అప్పటి నుంచి వాడు ఆదివారం ఆదివారం వల బయట నిలబడి పెళ్లాన్ని, బిడ్డను చూసుకొని పోతాడు, జైలుకు ములాఖత్ వచ్చినట్టు. ఎవరు జైల్లో ఉన్నట్టు, వాడా, మేమా, ఆ లెక్క నేను వేయను.

అదిగో, చప్పట్లు. ఉత్తరం మూల నుంచి ఒకరు, పక్కన ఇంకొకరు, వరసంతా అందుకుంది, నేనూ డబ్బా చంకలో ఇరికించుకొని కొట్టాను. తేనెటీగ కనబడితే చప్పట్లు కొట్టాలి, పొగ డబ్బా పట్టుకున్నవాళ్లు అటు పరుగెత్తుతారు. ఈగ కాళ్లకు బయటి పత్తి పుప్పొడి ఉంటుందట. ఈగ పువ్వు కోసం వస్తుంది కాబట్టి లోపల ఏ పువ్వూ ఉండకూడదు. తలలో లేదు, గుమ్మానికి లేదు, దేవునికి లేదు. మా వాడలో మేం ఆదివారం ప్రార్థనకు కూర్చునేవాళ్లమే కానీ బతుకమ్మకు చప్పట్లు కొట్టని ఆడది ఎప్పుడూ లేదు, ఇప్పుడు ఆ బతుకమ్మను రంగు కాగితాలతో పేరుస్తున్నారు, కాగితం గునుగు, కాగితం తంగేడు, వాన తుంపర పడితే రంగు కారి ఏడ్చినట్టుంటుంది. చప్పట్లకు పండుగ లేదు, ఈగలకే. పోయిన ఏడు నా పెనిమిటి సాయన్న చనిపోతే ఒక్క పువ్వు వేయలేదు. సమాధులు గేటు బయట. శవాన్ని వ్యానులో ఎక్కించారు, నేను వెంట వెళ్తే మళ్లీ రాలేను, తేజు నా కొంగు పట్టుకొని ఉంది. వల కళ్లలోంచి వ్యాను కనబడినంత దూరం చూశాను. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి పిడికెడు మట్టి వేయలేదు, పువ్వు వేయలేదు, ఉత్త చేతులతో పంపాను. ఇవన్నీ ఎందుకు ఓర్చుకున్నాను, ఆ పిల్ల ఇక్కడ నీళ్లు తాగుతోంది, బడికి పోతోంది, అందుకే కదా. దాన్ని కూడా గేటు దాటిస్తానంటే చూస్తూ ఊరుకుంటానా. అది దాని తల్లి అయినా సరే.

చప్పట్లు ఆగాయి. ఈగ పోయిందో లేదో ఎవరికి తెలుసు, ముందుగా ఆపినవాళ్లను ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారని అందరం ఒకేసారి ఆపుతాం. శిల్ప వంగింది మళ్లీ. ఎంత నింపాదిగా వంగింది చూడు. ఎనిమిదో మడిలో మేం ముగ్గురమే, నేను, అది, ఈదమ్మ. పోయినసారి మా మడి గింజలు కంపెనీ వాళ్లు మొలకేసి చూస్తే నూటికి ఐదు దొంగ గింజలు వచ్చాయి. రెండు దాకా మాఫీ. ఇంకోసారి వస్తే వల విప్పి వీపనగండ్ల దిక్కు ఏదో ఊరికి మార్చుకుపోతారట, మా నీళ్లు బందు. వంద ఇళ్ల మీద మా మడి నీడ పడింది. బియ్యం వరసలో మాకు జాగా ఇచ్చి పక్కకు జరుగుతున్నారు, మర్యాదకు కాదు. ముగ్గురిలో దొంగ ఒకరు. నేను కాదు. ఈదమ్మ పని మీద నాకు నమ్మకం లేదు కానీ దాని నోటి మీద ఉంది, పోయిన వారం నీళ్ల పంపు దగ్గర నా చెవిలో, "అక్కా, తప్పువట్టకు. మీ కోడలు చీకట్ల లేసి మడికి పోతుంది. వచ్చేటప్పుడు నడుముకు దస్తీ ఉంటది. జర చూస్కో. దొరికితే ఇల్లంత పోతది గద" అంది. అది నిజం. కంపెనీ పెట్టిన కాయిదా అదే, ఇంటి దొంగను ఇల్లే చెబితే ఆ ఒక్కరు గేటు దాటాలి, తనిఖీలో దొరికితే ఇల్లంతా దాటాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇంట్లోవాళ్లు పట్టరా మరి.

పట్టాను. నాలుగు పొద్దులు నిద్ర నటించి చూశాను. కోడి కూతకు లేస్తుంది, తలుపు గొళ్లెం గుడ్డ చుట్టి తీస్తుంది, చప్పుడు కాకుండా. వెలుగొచ్చాక తిరిగొస్తే కాళ్లకు మడి మట్టి. నడుముకు చెక్కిన దస్తీ గుడ్డ మూటను బొంతల కింద దాస్తుంది, మధ్యాహ్నం అందులోవి పొయ్యిలో వేస్తుంది, అన్నీ వేస్తుందో, కొన్ని ఆపుకుంటుందో. నిన్న అది స్నానానికి వెళ్లినప్పుడు చెయ్యి పెట్టి చూశాను, మెత్తగా తగిలాయి పువ్వులు, విప్పి చూసే ధైర్యం లేక మళ్లీ పెట్టేశాను. పువ్వులు! ఎవరికి? బుధవారం పొద్దుగూకేటప్పుడు వల దగ్గర ఎవరితోనో గుసగుసలు, ఆదివారం కాదు, సాంసన్ వచ్చే రోజు కాదు. నేను దగ్గరికి వెళ్లేసరికి బయటి మనిషి జరిగిపోయాడు, ఎవరంటే "ఎవరు లేరత్తమ్మా" అంది. కంపెనీ మగ పువ్వు ఒక్కటి బయటికి పోయినా ఆ విత్తనం బయట పుడుతుంది, అప్పుడు మాతో పనేముంది, వల ఎందుకు, నీళ్లెందుకు. అమ్ముకుంటోందో, ఊరికే ఇస్తోందో, మగనికే ఇస్తోందో. ఇంకొకటి చూడు. నెల నెలా మొదటి సోమవారం సూది దినం. వరసగా నిలబెట్టి మహిపాల్ సారు ముందు సూదిలో దారం ఎక్కించమంటారు, ఎక్కించలేనివాళ్లు ఆ పొద్దే గేటు దాటుతారు, తప్పని రాయరు, పనికిరాదని రాస్తారు. రెండు నెలలుగా ఆ సూది నా చేతికి ఇది అందిస్తోంది. "ఇగో అత్తమ్మా" అని వరసలో నా ముందు నిలబడి, దారం కొన నోట్లో తడిపి మరీ. ఎందుకంత ప్రేమ? కొత్త పెళ్లికూతురప్పుడు లేని ప్రేమ. నేను ఒక్క దెబ్బకు ఎక్కించాను, అది వేరే సంగతి. సాయంత్రాలేమో, "నువ్వు గొట్టాలు తొడుగు అత్తమ్మా, నేను వలుస్త" అని నా సాలులోకి జొరబడుతుంది. నా పనిని నా చేతుల్లోంచి గుంజి, ముసల్దానికి చేతకాదని సారుకు చూపించాలని కాకపోతే ఇంకేంటి. నేను ఒప్పుకుంటానా, పో అని కసిరాను.

వేలికి ఏదో తడి తగిలింది. కాడ ఉంది, మొగ్గ లేదు. నా సాలులో. తెంపిన చోట జిగురు ఇంకా ఆరలేదు. ఇక్కడొకటి. నాలుగు మొక్కల అవతల ఇంకొకటి. అంటే ఇవాళ కూడా వచ్చింది, అందరి సాళ్లు వదిలి నా సాలులోనే తెంపింది, పోతే ముసల్దాని సాలు పోతుందని. పేరు చెప్పినప్పుడు మనసులో ఎక్కడో జర గుచ్చుకుంది, ఇప్పుడు అది కూడా పోయింది. ఈ చేతులు ఎట్లాంటివి అనుకుంటున్నావే పిల్లా. నీకు పెళ్లి కాకముందే నా బొటనవేలి గోరు కొడవలి తగిలి నిలువునా చీలింది, చీలినట్టే పెరిగింది, మొగ్గకు ఈ గోరు పెడితే ఒక గీత బదులు పక్కపక్కన రెండు గీతలు పడతాయి. "సత్తెమ్మ సంతకం" అనేవాళ్లు విత్తనాల సేట్లు. రెండు గీతలున్న మొగ్గ విప్పి చూడనక్కర లేదు అనేవాళ్లు. ఆ సాలును నువ్వు పాడు చేస్తావా. పోయిన ఆదివారం పాస్టరు వల బయట మైకు పెట్టి పేతురు కథ చెప్పాడు, గాలికి సగమే వినబడింది, ఎవరో నాకు తెలియదు అన్నాడట ప్రభువును, కోడి కూసేలోపల మూడుసార్లు. నేను తెలియదు అనలేదు. తెలుసు అన్నాను. తెలిసే చెప్పాను. రెండింట్లో ఏది పాపమో పాస్టరును అడగాలంటే వలకు చెవి ఆనించాలి, నలుగురూ వింటారు.

సైరన్.

శిల్ప నడుము ఎత్తింది. ఇద్దరు గార్డులు సాళ్ల మధ్య నుంచి దాని దగ్గరికి నడిచారు, ఇవాళ ఇంట్లో దాచే వేళ దొరకలేదేమో, ఒకరు దాని నడుముకు చెయ్యి పెట్టి దస్తీ లాగారు. నన్ను కూడా షెడ్డుకు రమ్మన్నారు. ఈదమ్మ పక్కనుంచి పోతూ నా భుజం తట్టింది, ఎందుకో ఆ తట్టడం నాకు నచ్చలేదు. బియ్యం బస్తాల వాసన, బల్ల, బల్ల మీద దస్తీ. మహిపాల్ సారు ముడి విప్పుతూ, "మీ అత్తనే చెప్పింది శిల్పా. తప్పు నాది గాదు" అన్నాడు. శిల్ప నా దిక్కు తిరిగింది. దాని ముఖం ఎట్లా ఉందో నాకు కనబడలేదు. నాలుగడుగుల దూరం. షెడ్డులో, రేకుల కింద, మంచు ఎట్లా వస్తుంది అనుకున్నాను.

"గివి ఎవరికిస్తున్నవ్?" అన్నాడు సారు.

"ఎవరికి లేదు సార్. తలల పెట్టుకుందామని తెంపిన. మూడేండ్లాయె పువ్వు పెట్టుకోక. బుద్ధి పుట్టింది."

"బుధవారం వల కాడ ఎవరు మరి?"

"సాంసన్. పొల్లను చూడబుద్ధయి వచ్చిండు."

అబద్ధం. సాంసన్ వస్తే తేజును పిలవకుండా ఉంటుందా. తలలో పెట్టుకోవడానికట! నేను బల్ల మీదికి వంగాను, ఎంత మంచి పువ్వులు ఏరుకుందో చూద్దామని. కంటికి సరిగా ఆనలేదు. ఒకటి వేళ్లలోకి తీసుకున్నాను. నిండు పువ్వు కాదు, మొగ్గ, ఒక పక్క రేకులు చిరిగి ఉన్నాయి, ఇంకో పక్క అట్లాగే ఉన్నాయి, లోపల పుప్పొడి వేలికి పిండిలా అంటుకుంది. సగం వలిచి వదిలేసిన మొగ్గ. దీన్ని ఎవరు తలలో పెట్టుకుంటారు, పిచ్చిదైతే తప్ప. రెండోది అంతే. బొటనవేలు దాని అడుగున ఊరికే తిప్పాను, అలవాటు కొద్దీ. గీత తగిలింది. దాని పక్కన ఇంకో గీత.

మూడోది తీశాను. రెండు గీతలు. నాలుగోది. ఏడు మొగ్గలున్నాయి బల్ల మీద, ఏడింటికీ నా సంతకం ఉంది, ఒక్కదానికీ గీత చుట్టు తిరిగి కలవలేదు. నా గోరు తిరుగుతోంది, నేను పూర్తిగా తిరిగిందనుకుంటున్నాను, వదిలేస్తున్నాను. ఎన్నాళ్లుగా? చీకటితో లేచి ఇది నా సాలు మొదలు నుంచి చివర దాకా వెతికి, నేను చెడగొట్టినవి ఒక్కొక్కటే తెంపి, నడుముకు దాచి, పొయ్యిలో వేసి, మళ్లీ నాతో పాటు పనికి వస్తోంది. సాయంత్రం నేను వలుస్త అన్నది ఇందుకు. సూది అందించింది ఇందుకు, అవును, ఆ సూది లావుగా ఉండేది, బొంతలు కుట్టేది, కన్ను పెద్దది, వేళ్లకు తెలిసింది అప్పుడే, నా మనసే అడగలేదు. పిల్ల నవ్వింది కూడా. యాడుంది నాయనమ్మా మంచు. ప్రభువా, నేనేం చేశాను. దాని పక్కకు వెళ్లి కాళ్లు పట్టుకోవాలనిపించింది, అట్లా చేస్తే సారుకు రెండు పేర్లు దొరుకుతాయి. ఆయనకు ఒక్క పేరు చాలు, అది నాది కావాలి.

"సారూ, ఇయ్యాల సూది దినం పెట్టుండ్రి" అన్నాను.

"సోమారం గద సత్తెమ్మా."

"ఇయ్యాలనే పెట్టుండ్రి, నా ఒక్కదానికి. మీ డబ్బాల ఉన్న సన్న సూది ఇయ్యిండ్రి."

"అత్తమ్మా, వద్దు" అంది శిల్ప.

సూది ఇచ్చాడు. చల్లగా ఉంది. ఎత్తి పట్టుకొని దారం దగ్గరికి తెచ్చాను, ప్రయత్నం చేసినట్టు కూడా చేయలేదు, దాన్ని సూదితో పాటు బల్ల మీద పెట్టాను. "నాకు కనబడ్తలేదు. ఎన్నటిసందో కనబడ్తలేదు. ఇవి నేను చెడగొట్టిన మొగ్గలు, నా గోరు చూడుండ్రి, మొగ్గ చూడుండ్రి. ఈ పిల్ల తెంపకుంటే నూటికి పది వస్తుండె. నేను చెప్పింది తప్పు. కండ్లు లేని మనిషి మాట పట్టుకొని కండ్లున్నదాన్ని పంపుతరా?" ఆయన నా చెయ్యి గుంజి గోరు చూశాడు, మొగ్గలు వెలుగుకు పెట్టి చూశాడు. దస్తీ ముడేసి, పొయ్యిలో వేయమని శిల్ప చేతికి తిరిగి ఇచ్చాడు. తరువాత పుస్తకం తెరిచిన చప్పుడు వినబడింది. పనికిరాదు అని రాసుకొని ఉంటాడు. తప్పు అని కాదు. తప్పంటే ఏమిటో ఆ పుస్తకానికి తెలియదు.

గేటు దాకా శిల్ప నా రెక్క పట్టుకొని నడిచింది. దారిలో నెమ్మదిగా చెప్పింది, బుధవారం వచ్చింది సాంసన్ దోస్తట, నాగర్‌కర్నూల్ దవాఖానలో కండ్లకు ఆపరేషన్ చేస్తారా అని కనుక్కొమ్మంటే కనుక్కొచ్చాడట. "చేస్తరంట అత్తమ్మా. ఆపరేషన్ అయినంక మల్ల..." అని ఆగిపోయింది. మళ్లీ అనే మాట గేటుకు లేదు, ఇద్దరికీ తెలుసు. ఒకరు దాటితే మడి పనికి వరసలో ఉన్న ఆడమనిషి ఒకతెను ఒళ్లు కడిగించి లోపలికి తీసుకుంటారు, అవతల మూట పట్టుకొని ఎవరో నిలబడి ఉన్నారు. ఈదమ్మ చెల్లెలి బిడ్డ గదా అనిపించింది, గాజుల చప్పుడు అట్లాగే ఉంది. అయి ఉండవచ్చు. కాకపోవచ్చు. ఇక ఎవరి పేరూ ఎత్తను, నా అనుమానం ఒకసారి తిన్నది చాలు. శిల్పతో చెప్పాల్సిన మాట ఒకటుంది. చెయ్యి చాపాను. అది నా బొటనవేలు పట్టుకొని, చీలిన గోరు మీద తన వేలు పెట్టి గట్టిగా నొక్కింది, నొప్పి పుట్టేంత గట్టిగా. కోపమో, క్షమించడమో, రెండూనో. ముఖం చూస్తే తెలిసేది.

"ఆ దస్తీ నాకియ్యి బిడ్డా. ఎట్లన్న పొయ్యిల వేసేటివే గద."

ఇచ్చింది. నడుముకు చెక్కుకున్నాను. బయట పువ్వుకు అడ్డు లేదు. సమాధుల దాకా రోడ్డు తిన్నగా పోతుందట, సాయన్నది ఎక్కడో ఎవరినైనా అడుగుతాను. బడి గోడ మీద నుంచి తేజు కేక వేసింది, "నాయనమ్మా, చెద్దరు కొంచవోతలేవా? మంచున్నది అంటివి గద!"

"లేదు బిడ్డా," అన్నాను, "మంచు లేదు." గేటు తీశారు.